అతుకుల బొంత

మా మేనత్త బొంత కుట్టడానికి కూర్చుంటే ముందు పాత చీరలన్నీ కుప్పపోసి ఒక్కొక్కటీ వేళ్ళతో నలిపి చూసేది. రంగు చూసేది కాదు. "రంగుదేముందిరా, ఎరుపు పక్కన పసుపు పడినా ఇబ్బంది లేదు. నేత కలవాలి. లేదంటే ఒక్క ఉతుక్కే ఒకటి ముడుచుకుపోయి పక్కదాన్ని లాగేస్తుంది" అనేది. అప్పుడు నాకు పదేళ్ళు. యాభై దాటాక ఒక రాత్రి ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. తాతగారి ఇంటి మండువాలో నిలబడి తీసిన నూట యాభై చిల్లర ఫొటోల్ని ఒక్కటిగా కుట్టలేక కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చున్న రాత్రి అది.

"అతుకుల బొంత" మన వాడుకలో వెక్కిరింత. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే పత్రికలవాళ్ళకి మొదట తోచే మాట అదే. బొంత కుట్టే ఆడవాళ్ళని ఎవరైనా ఒక్కసారి అడిగి ఉంటే అది వెక్కిరింత అయ్యేది కాదు.

కోనసీమలోని ఆ ఇల్లు నలుగురి ఉమ్మడి. పంపకాల మాటలు ఏళ్ళ తరబడి నలిగి నలిగి, చివరికి ఇల్లు విప్పేసి స్థలం పంచుకుందామని తేలింది. కలప బేరమూ అయిపోయింది. "ఫొటోలు తీస్తావు కదరా, విప్పేలోపు ఒకసారి వచ్చి తీసుకుపో" అని అత్తయ్య ఫోన్ చేసింది. భర్త పోయాక ఆవిడ పుట్టింటికొచ్చి ఆ ఇంట్లోనే ఉండిపోయింది. వాటా అడగలేదు. అడిగితే ఇచ్చేవాళ్ళేమో కూడా తెలియదు.

మండువా లోగిలి చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. నాలుగు వైపులా గదులు, గదుల ముందు వసారా, నడుమ ఆకాశానికి తెరిచిన చదరం. పెంకుల కప్పు నాలుగు వైపుల నుంచీ లోపలికే వాలి ఉంటుంది. వానంతా నట్టనడుమ పడుతుంది. మూలల్లో రేకు గొట్టాల కింద గంగాళాలు పెడితే వాన వెలిసేసరికి నిండిపోయేవి. వసారా స్తంభాలు టేకువి. గదులకి కిటికీలు తక్కువ, ఉన్నవీ చిన్నవి. మిట్టమధ్యాహ్నం మండువాలో కళ్ళు తెరవలేనంత ఎండ. పదిహేనడుగుల అవతల పడకటింట్లో సూదిలో దారం ఎక్కించాలంటే దీపం కావాలి.

కెమెరాకి ఇంతకంటే మొండి చోటు నాకు ఇంతవరకూ ఎదురుకాలేదు. నడినెత్తి ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. ఆ పడకటింటి లోపలి గోడ దగ్గర పది ఉంటే గొప్ప. పదివేల రెట్ల తేడా. ఫొటోలు తీసేవాళ్ళు దీన్ని మెట్లలో లెక్కపెడతారు, వెలుగు రెట్టింపయితే ఒక మెట్టు. పదివేల రెట్లంటే పదమూడు మెట్ల పైచిలుకు. ఇంత చేసి చివరికి కాగితం మీద అచ్చువేస్తే, అందులో తెల్లని తెలుపుకీ నల్లని నలుపుకీ నడుమ దక్కేది మహా అయితే వంద రెట్లు, ఆ చుట్టుపక్కల. పుట్టెడు ధాన్యాన్ని కుంచంలో పట్టించమన్నట్టు ఉంటుంది వ్యవహారం.

మా మేనల్లుడు ఫోన్ తీశాడు. "మామయ్యా, ఇందులో పనోరమా ఉంది, అర నిమిషం పని" అని మండువాలో గిరుక్కున తిరిగి చూపించాడు. వసారా స్తంభం ఒకటి నడుముకి విరిగి పక్కకి జరిగింది. పైన ఆకాశం సున్నం కొట్టిన గోడలా ఉంది. పడకటింటి గుమ్మంలో బొగ్గు నలుపు. వాడికి అది బాగానే ఉంది. నాకు మాత్రం ఆ విరిగిన స్తంభం మీదే కన్ను. ఆ స్తంభాన్ని పట్టుకుని గిరగిరా తిరిగినవాణ్ణి మరి.

వెలుగు సంగతి ముందు చెబుతాను, అది రెండింటిలో తేలికైంది. ఒక్క ఎక్స్‌పోజర్‌లో పట్టనిదాన్ని నాలుగైదింటిలో పట్టడం. ఒకటి ఎండ కోసం, ఒకటి నీడ కోసం, మిగిలినవి మధ్యలో. దీన్నే బ్రాకెటింగ్ అంటారు. ఇది కంప్యూటర్లు వచ్చాక పుట్టిన తెలివేం కాదు. 1856, 57 నాటికే ఫ్రాన్సులో గుస్తావ్ ల గ్రే అనే ఆయన సముద్రాన్ని ఇలాగే తీశాడు. అప్పటి కొలోడియన్ గాజు పలకలకి నీలం అంటే పిచ్చి మోజు. సముద్రం పలక మీదికి ఎక్కేలోపు ఆకాశం మాడిపోయి తెల్లబారేది. ఆయన ఆకాశాన్ని ఒక నెగటివ్‌లో, నీటిని ఇంకో నెగటివ్‌లో తీసి, అచ్చువేసేటప్పుడు రెంటినీ నీటి అంచు దగ్గర కలిపాడు. జనం ముక్కున వేలేసుకున్నారు. ఆయన బొమ్మలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక చమత్కారం బయటపడుతుంది. కొన్నిచోట్ల ఒకే మేఘాలు వేర్వేరు సముద్రాల మీద తేలుతూ ఉంటాయి. మంచి చీరముక్కని రెండు బొంతల్లో వాడుకున్నాడన్నమాట.

ఇప్పటి పద్ధతికి లెక్క కట్టినవాళ్ళు తర్వాత వచ్చారు. 1995లో స్టీవ్ మాన్, రోజలిండ్ పికార్డ్. 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్. వాళ్ళు పట్టుకున్న కిటుకు నాకు చాలా ఇష్టం. కెమెరా నిజం చెప్పదు. వెలుగు రెట్టింపయితే అంకె కూడా రెట్టింపు చేసి చూపించదు. నీడల్ని ఒకలా, వెలుగుల్ని ఇంకోలా వంచి చెబుతుంది. అయితే ఎప్పుడూ ఒకే తీరుగా వంచుతుంది. అబద్ధాలకోరు ఒకే పద్ధతిలో అబద్ధమాడితే, నాలుగుసార్లు తిప్పి తిప్పి అడిగి నిజం రాబట్టొచ్చు. ఒకే గోడని సెకనులో రెండువందలో వంతు, యాభయ్యో వంతు తీస్తే రెండోదానికి వెలుగు నాలుగు రెట్లు అందిందని మనకి ముందే తెలుసు. కెమెరా చెప్పిన అంకెల్లో తేడా ఎంత ఉందో చూస్తే దాని వంకర తెలిసిపోతుంది. వంకర సరిచేసి అన్నిటినీ కలిపితే, ఏ మూల ఎంత వెలుగు ఉందో దామాషా ప్రకారం తెలిపే చిట్టా చేతికొస్తుంది. అదే హెచ్‌డీఆర్. మనం మామూలుగా ఆ పేరుతో చూసేవి ఆ చిట్టా లోంచి పిండి తీసిన బొమ్మలు. అసలు చిట్టాని మామూలు తెర ఏదీ పూర్తిగా చూపించలేదు.

ఇందులో ఒక్క నియమం తప్పకూడదు. వెలుగు పెంచాలన్నా తగ్గించాలన్నా కాలాన్ని మార్చాలి తప్ప లెన్సు కన్నుని పెద్దదీ చిన్నదీ చేయకూడదు. అపర్చర్ మారితే దగ్గరదీ దూరందీ స్పష్టత మారిపోతుంది. అప్పుడు అవి ఒకే దృశ్యపు అయిదు రూపాలు కావు, అయిదు వేరు వేరు దృశ్యాలు. అత్తయ్య భాషలో, రంగు మారినా ఫరవాలేదు, నేత మారకూడదు.

అపర్చర్ ఎనిమిది దగ్గర బిగించాను. ఫోకస్ చేసి, రింగు కదలకుండా టేపు అంటించాను. సెకనులో ఎనిమిది వందలో వంతు నుంచి మూడో వంతు దాకా, ఒక్కోసారి నాలుగు రెట్లు పెంచుతూ అయిదు ఎక్స్‌పోజర్లు. 24 మిల్లీమీటర్ల లెన్సుని నిలువుగా పట్టి చుట్టూ పది దిక్కులు, కిందికి వంచి పది, పైకెత్తి పది, నడినెత్తిన ఒకటి. అలా 155. పడకటింటి గుమ్మం ఉన్న దిక్కున అయిదూ చాలలేదు. గుమ్మం లోపల ఇంకా నలుపే. అక్కడ మరో రెండు, సెకనూ చిల్లర ఒకటి, అయిదు సెకన్లు ఒకటి కలిపాను. మొత్తం 157. ఆ చివరి అయిదు సెకన్ల ఫొటో గురించి మళ్ళీ చెప్పాల్సి వస్తుంది.

ఇంత లెక్కలోనూ పట్టని చోటు ఒకటి ఉంటుంది. సరిగ్గా ముక్కాలి కింద. తీసినవాడు నిలబడ్డ నేల తప్ప తక్కినదంతా బొమ్మలోకి వస్తుంది. ఆ గుండ్రటి కన్నాన్ని తర్వాత పక్కనున్న గచ్చు ముక్కతో మాటు వేసుకోవాలి.

ఇక కష్టమైన రెండో సంగతి. వేలుని ముక్కుకి ఎదురుగా పెట్టి ఒక కన్ను మూసి ఇంకో కన్ను తెరిచి, మార్చి మార్చి చూడండి. వేలు గంతులేస్తుంది. దూరంగా ఉన్న కొబ్బరిచెట్టు కదలదు. కెమెరాని తిప్పేటప్పుడూ ఇంతే. మామూలు ముక్కాలి మీద కెమెరా తన నడుం చుట్టూ తాను తిరుగుతుంది. దాని చూపు పుట్టే చోటు అక్కడ లేదు, ఇంకాస్త ముందుకి, లెన్సు లోపల ఉంటుంది. అందుకని తిప్పిన ప్రతిసారీ ఆ చోటు కాస్త పక్కకి జరిగిపోతుంది. మైదానంలో కొండల్ని తీసేటప్పుడు ఈ తేడా ఎవరికీ పట్టదు. దూరపువి ఎలా తిప్పినా అతుక్కుంటాయి. ఆరడుగుల దూరంలో ఉన్న వసారా స్తంభం మాత్రం ఒక ఫొటోలో గుమ్మానికి అడ్డం వస్తుంది, పక్క ఫొటోలో గుమ్మాన్ని వదిలి గోడ ముందు నిలబడుతుంది. అప్పుడు ఏ కంప్యూటర్ మాత్రం ఏం చేస్తుంది? ఫోనులో స్తంభం విరిగింది ఇందుకే. వెలుగెంత మారినా సర్దుకోవచ్చు గానీ, చూసే చోటు మారితే ముందు దగ్గరివే తెగిపోతాయి.

లెన్సులోని ఆ చోటు ముక్కాలి ఇరుసు మీదికి వచ్చేలా కెమెరాని వెనక్కి జరపాలి. దానికి బజార్లో అమ్మే సరంజామా ఖరీదైంది. నేను లేతు షాపులో ఎల్ ఆకారంలో ఒక పట్టీ చేయించుకున్నాను. పొడవాటి గాడి, దాంట్లో జరిగే మర. సరైన చోటు కనుక్కోవడానికి వసారా దూలం నుంచి దారానికి రాయి కట్టి వేలాడదీశాను. ఆ దారం వెనక ఉన్న తలుపు అంచుతో దాన్ని ఒకే గీతలో ఉంచి, కెమెరాని ఎడమకీ కుడికీ తిప్పి చూడ్డం. దారం తలుపు అంచుని వదిలి పక్కకి తొలగితే ఇంకాస్త వెనక్కి. మళ్ళీ తిప్పడం. తొలగడం మానేసేదాకా. గంటన్నర పట్టింది. అత్తయ్య వంటింటి గుమ్మంలోంచి చూసి చూసి, "ఇల్లు పడగొడుతూంటే ఇప్పుడు తూకం చూస్తున్నావేంట్రా" అంది.

పనోరమా అనే మాట గ్రీకులోంచి వచ్చింది. అంతా చూడడం అని అర్థం. ఆ మాట పుట్టకముందే ఆ పని మొదలైంది. ఎడిన్‌బరోలో ఉండే రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు 1787లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. తర్వాత లండన్‌లో లెస్టర్ స్క్వేర్ దగ్గర గుండ్రటి భవనమే కట్టించి, గోడల చుట్టూ బొమ్మ పరిచి, 1793 నుంచి టికెట్ పెట్టి చూపించాడు. చూసేవాళ్ళు ఇష్టం వచ్చిన చోట నిలబడితే కుదరదు, నడుమ కట్టిన వేదిక మీదే నిలబడాలి. అక్కణ్ణుంచే బొమ్మ సరిగ్గా కనిపిస్తుంది.

మా ఇంట్లో నడుమ ఎవరూ నిలబడేవాళ్ళు కాదు. నీళ్ళు పారే చోటది, పాచి పడుతుంది. అందరూ వసారాల్లోంచే చుట్టూ తిరిగేవాళ్ళు. తూర్పు వసారాలో తాతగారి పడక్కుర్చీ, ఉత్తరాన ఒక బాబాయి మంచం, దక్షిణాన పెద్దనాన్నగారి పుస్తకాల బీరువా. పంపకాల మాటలప్పుడు నలుగురూ చెప్పుకున్న ఇల్లు నాలుగు ఇళ్ళుగా వినిపించిందంటే వింతేముంది? ముక్కాలి పెట్టడానికని మండువా నట్టనడుమకి దిగేసరికి, ఆ ఇల్లు అక్కణ్ణుంచి నేనెప్పుడూ చూడలేదని తెలిసింది. నాలుగు చూర్లూ ఒక్కలాగే వంగి ఉన్నాయి.

ఫొటోలు తీయడం పాతిక నిమిషాల్లో అయిపోయింది. పాతిక నిమిషాలు ఎక్కువే. సూర్యుడు గంటకి పదిహేను డిగ్రీలు నడుస్తాడు కాబట్టి ఆ వ్యవధిలో ఆరు డిగ్రీలు జరిగాడు. గచ్చు మీద పెంకుల చూరు నీడ జానెడు కదిలింది. మొదటి దిక్కున తీసిన నీడకీ, చుట్టూ తిరిగొచ్చాక తీసిన నీడకీ పొత్తు లేదు. మధ్యలో అత్తయ్య రెండుసార్లు చెంబుతో మండువా దాటింది. "ఆగమంటే ఆగుతాను గానీ అన్నం మాడిపోతుంది" అంది. నేను ఆగమనలేదు.

హైదరాబాద్ వచ్చాక కుట్టుపని. ఉచితంగా దొరికే హగిన్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాను. దీని మూలాలు జర్మనీలో హెల్ముట్ డెర్ష్ అనే భౌతికశాస్త్రం ప్రొఫెసర్ 1998లో తయారుచేసి అందరికీ ఇచ్చిన పనిముట్లలో ఉన్నాయి. ఫొటోల్ని ఒకదాని పక్కన ఒకటి ఎలా చేర్చాలో అది ఎలా తెలుసుకుంటుందంటే, పెళ్ళిలో పెద్దవాళ్ళు చుట్టరికం కలిపినట్టే. పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియనాయన్ని "మీది ఏ ఊరు? ఫలానావారు మీకేమవుతారు?" అని నాలుగు ప్రశ్నలడిగి, రెండు నిమిషాల్లో అన్నయ్యగారిని చేసేస్తారు. సాఫ్ట్‌వేర్ కూడా ప్రతి ఫొటోలో మూలలూ మచ్చలూ పగుళ్ళూ గుర్తుపట్టి, పక్క ఫొటోలో వాటికి జోడీలు వెతుకుతుంది. వీటిని కంట్రోల్ పాయింట్లంటారు. వంచినా తిప్పినా, కాస్త చీకటయినా పోలిక పట్టే ఉపాయాన్ని కెనడాలో డేవిడ్ లో అనే ఆయన కనిపెట్టాడు. 2003లో ఆయనా, మాథ్యూ బ్రౌనూ కలిసి, వరస తెలియకుండా కలగాపులగంగా పడేసిన ఫొటోలు కూడా వాటంతటవే చుట్టరికం కలుపుకునేలా చేశారు.

పెళ్ళిళ్ళలో లాగే ఇక్కడా తప్పుడు చుట్టరికాలు పుడతాయి. పెంకులన్నీ ఒకే పోలిక. తూర్పు చూరు మీది పెంకుని పడమటి చూరు పెంకుకి తోబుట్టువు అనుకుంది. నిజంగా తోబుట్టువులే కావచ్చు, ఒకే ఆవంలో కాలి ఉంటాయి. ఎక్కువమంది సాక్ష్యం ఎటుంటే అటు మొగ్గి, ఒంటరి సాక్ష్యాల్ని కొట్టేయడం ఈ సాఫ్ట్‌వేర్ల పద్ధతి. పెంకుల విషయంలో అబద్ధపు సాక్షులే ఎక్కువమంది. ఉత్తరం వైపు వెల్లగోడ దగ్గరేమో అసలు సాక్షులే లేరు, తెల్లటి గోడలో గుర్తుపట్టడానికి ఏముంటుంది? రాత్రంతా కూర్చుని నేనే చేత్తో జోడీలు పెట్టాను. ఇక్కడ సున్నం పెచ్చు ఊడిన చోటు, అక్కడా అదే. ఇక్కడ మేకు, అక్కడ మేకు. ఆ మేకుకి మా నాన్న చొక్కా వేలాడేది. గోడ మీది ప్రతి పెచ్చునీ పెద్దది చేసి చూస్తూ ఒక ఇంట్లో తిరగడం అదే మొదటిసారి నాకు. ఆ ఇంట్లో పుట్టి పెరిగి కూడా అంత దగ్గరగా చూడలేదు.

జోడీలు కుదిరాక అతుకు కనపడకుండా చేయాలి. దీనికి 1983లోనే పీటర్ బర్ట్, ఎడ్వర్డ్ అడెల్సన్ చక్కటి దారి చూపించారు. మొత్తం బొమ్మని ఒకే వెడల్పు అతుకుతో కలపకూడదు. ఆకాశపు నీలంలా నెమ్మదిగా మారేవాటిని వెడల్పుగా, ఒకదాంట్లోకి ఒకటి కరిగేలా కలపాలి. పెంకు అంచులాంటి సన్నటి వాటిని సన్నటి గీత మీదే కోసి కలపాలి. మందపాటి గుడ్డకి దూరపు కుట్లు, పలచటి గుడ్డకి దగ్గర కుట్లు. అత్తయ్యకి ఇది చెబితే "అది కొత్తా?" అంటుంది.

దయ్యాల సంగతి మిగిలింది. కదిలినవాటిని ఈ పనిలో దయ్యాలనే అంటారు. ఒక ఎక్స్‌పోజర్‌లో ఉండి పక్కదాంట్లో లేని మనిషి, కలిపాక సగం ఉండీ సగం లేకుండా తేలుతుంది. అత్తయ్య ఒకచోట పూర్తిగా ఉంది, చెంబుతో సహా. ఇంకోచోట పాదాలూ చీర కుచ్చెళ్ళూ ఉన్నాయి, పైన గోడ కనిపిస్తోంది. ఏ ఫొటోలోని మనిషిని ఉంచాలో, ఏది తుడిచేయాలో గీతలు గీసి చెప్పాలి. ఒక్కచోటే ఉంచాను. ఆవిడ మండువా దాటింది రెండుసార్లు నిజమే గానీ, ఇద్దరు అత్తయ్యలున్న ఇల్లు ఎవరూ నమ్మరు.

చివరిది టోన్ మ్యాపింగ్. పుట్టెడుని కుంచంలోకి దించడం. పదివేల రెట్ల చిట్టాని తెరకి పట్టేంత కుదించాలి. ఎవర్ని ఎంత తొక్కాలన్నది కుదించేవాడి ఇష్టం. ఒకప్పుడు ఈ పని తెగ మోజుగా నడిచింది. మబ్బులన్నీ ఉక్కు రంగులో, ప్రతి రాయికీ గరుకు, చెట్టు చుట్టూ దేవుడి పటం వెనక వేసే చక్రంలా తెల్లటి వెలుగు. కేలండర్ల మీదా పెళ్ళి ఆల్బమ్‌లలోనూ చూసే ఉంటారు. నాకు అవి చూస్తే నోట్లో మసాలా మాత్రమే మిగిలిన కూర తిన్నట్టు ఉంటుంది. అయినా నా వంతు వచ్చేసరికి నేనూ నిగ్రహించుకోలేదు. అయిదు సెకన్ల ఫొటోలో పడకటిల్లు మొదటిసారి కనిపించింది కదా, దాన్ని వదులుకోబుద్ధి కాలేదు. నీడలన్నీ పైకి లేపాను. దూలాల మీది మసి, అటక మీది రాగి కాగు, మంచం కింది కొబ్బరి పీచు కట్ట, అన్నీ బయటికొచ్చాయి. పడకటింటి లోపలి గోడ మీద, ఒక మూలన, బొగ్గుతో గీసిన నిలువు గీతలు వరసలు వరసలుగా. ఎన్నేళ్ళు ఆ గదిలో పడుకున్నానో, వాటిని ఎన్నడూ చూడలేదు.

ఇల్లు విప్పడానికి వారం ముందు లాప్‌టాప్ తీసుకుని వెళ్ళాను. మండువా నడుమ నిలబడి చుట్టూ చూస్తున్నట్టే, వేలితో జరుపుతుంటే తిరుగుతుంది బొమ్మ. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని వసారా గచ్చు మీద కూర్చుని చూసింది. స్తంభాలు ఒక్కటీ విరగలేదు. నేను పొగడ్త కోసం ఎదురుచూస్తున్నాను.

"ఇదేంట్రా, ఇంట్లోకి ఎండొచ్చేసింది?" అంది.

ఎండ కాదత్తయ్యా, నీడలో ఉన్నవి కూడా కనపడేలా చేశానని చెప్పబోయాను. ఆవిడ వినలేదు. "ఇంత ఉక్కపోసే ఇల్లు కాదిది. బయట మాడిపోతున్నా లోపలికొస్తే కాసేపు ఏమీ కనపడేది కాదు. కళ్ళకి చల్లగా ఉండేది. ఇది ఎవరిల్లో" అంది. నేను తెర వైపు చూశాను. నిజమే. పడకటింట్లో నీడ లేదు. ఎండలోంచి గదిలోకి అడుగుపెట్టగానే కళ్ళు చీకట్లు కమ్మి, మంచం పట్టెని చేత్తో తడుముకుంటూ పోయే ఆ రెండు నిమిషాలు ఈ బొమ్మలో ఎక్కడా లేవు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై నిమిషాల పైనే పడుతుందంటారు. ఆ ఇరవై నిమిషాలనీ నేను ఒక్క చూపులో కలిపేశాను. ఆ ఇల్లు కట్టిన మేస్త్రీ కిటికీలు చిన్నవి పెట్టింది డబ్బు చాలక కాదు. మే నెల కోసం చీకటిని కూడా ఒక వస్తువులా వాడి కట్టాడు.

మాట మార్చడానికి బొగ్గు గీతలు పెద్దవి చేసి చూపించాను. "ఇవేంటత్తయ్యా, పాల లెక్కలా?"

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. నవ్వింది. "కాదురా, కొబ్బరి దింపు లెక్క. మీ తాత రాసుకునేవాడు, గీతకి వంద. పుస్తకంలో రాసే లెక్క వేరు, ఇది వేరు. తమ్ముళ్ళకి చెప్పే లెక్క పుస్తకంలోది."

"నాకెప్పుడూ కనపడలేదే?"

"కనపడకూడదనే కదరా అక్కడ రాసింది."

ఆ సాయంత్రమే వసారాలో కూర్చుని పడకటింటిని మళ్ళీ కిందికి దించాను. గుమ్మం దగ్గర కాస్త బూడిద వెలుగు, అడుగు లోపల మంచం కోడు ఆనవాలు, ఆ వెనక ఏమీ లేదు. ఎండ పడే చోట గచ్చుని తెల్లగానే ఉండనిచ్చాను, చూడగానే కళ్ళు చిట్లించాలనిపించేంత. తయారయ్యాక అత్తయ్యకి చూపిస్తే తల ఊపింది. "ఇప్పుడు లోపలికెళ్ళి పడుకోవచ్చు" అంది.

నలుగురు వాటాదారులకీ ఆ రెండో బొమ్మే ఆరడుగుల పొడవున అచ్చువేయించి పంపాను. మొదటిది నా దగ్గరే ఉంది, ఎవరికీ పంపలేదు. తాతగారు పుస్తకంలో రాయని లెక్క ఎంతో గీతలు లెక్కపెడితే తెలుస్తుంది. లెక్కపెట్టలేదు. మండువా చదరంలో ఇప్పుడు సిమెంటు బస్తాలున్నాయి.

మీ ఊళ్ళో ఇలాంటి లోగిలి ఇంకా నిలబడి ఉంటే, విప్పే మాట రాకముందే వెళ్ళండి. ముక్కాలి తీసుకెళ్ళండి, ఫోన్ సరిపోదు. మండువా నడుమకి దిగి నిలబడండి. లెన్సు కన్ను మార్చకుండా కాలాన్నే మార్చి తీయండి. దాటేవాళ్ళని దాటనివ్వండి. అన్నిటికన్నా ముందు ఒక మాట, బాగా పడుతుందని చెప్పి ఇంట్లోవాళ్ళ చేత తలుపులన్నీ తీయించకండి.